గేటు పడని రోజులు

మా కాలేజీలో ఇంటర్ పిల్లలకు ఒక అలవాటుంది. ప్రాక్టికల్స్‌లో లెక్క అయిపోగానే కాలిక్యులేటర్ తెర మీద బొటనవేలితో గట్టిగా నొక్కుతారు. నొక్కినచోట మరక లాంటిది లేచి, చుట్టూ పాకి, వేలు తీయగానే మళ్ళీ సర్దుకుంటుంది. అలా చేస్తే తెర పాడవుతుందని నేను చెప్పాలి. చెప్పను. ఆ మరకను చూడడమే ఒకప్పుడు నా ఉద్యోగం.

మొన్న ఒకమ్మాయి అడిగింది, "మేడమ్, దీంట్లో ఏటుంటాది?" అని. ద్రవస్ఫటికం అన్నాను. "ద్రవమా, స్ఫటికమా?" అంది. రెండూ కాదు, రెండూనూ అన్నాను. ఆమె పక్కపిల్ల వైపు తిరిగి పెదవి విరిచింది. ఈలోగా గంట కొట్టారు. నోటితో చెప్పడం నాకెప్పుడూ ఇలాగే అవుతుంది. అందుకని రాస్తున్నాను. ఉద్యోగ జ్ఞాపకాలు రిటైరైనవాళ్ళు రాసుకోవాలి. నాకు ఇంకా ఆ వయసు రాలేదు. కానీ ఆ పని మాత్రం నాకు అయిపోయింది, మళ్ళీ చేసే వీలు లేదు కనుక నేనూ ఆ లెక్కన రిటైరైనదాన్నే. మీలో ఎవరైనా రేపు ఎమ్మెస్సీ చదివి ఇలాంటి ప్రాజెక్టులో చేరితే, ఒక సంగతి ముందే తెలిసి ఉంటుంది.

నేను అప్పట్లో ప్రాజెక్టులో పనిచేసింది కొత్తవలస నుంచి శృంగవరపుకోట వెళ్ళే దారిలో ఒక కాలేజీలో. మెయిన్ బిల్డింగు రోడ్డు మీద ఉండేది. మా ల్యాబు మాత్రం వెనకాల, జీడితోట దాటాక, కిరండూల్ రైలు లైను పక్కన. మొదట స్టోర్ రూమట. కిటికీలకు నల్ల కాగితం అంటించి మైక్రోస్కోపు పెట్టారు. ఘాట్ మీద నుంచి ఇనుప రాయి దింపుకొచ్చే గూడ్సులు మా గోడకు అంత దూరంలోనే పోయేవి. నేను ఉండే హాస్టల్ కూడా ఆ పక్కనే. చేరిన మొదటి వారం నిద్రపట్టలేదు. ఒక్కో బండి వెళ్తుంటే మంచం కోళ్ళు గచ్చు మీద చిన్నగా కొట్టుకునేవి. ఆ తర్వాత ఎప్పుడు వినడం మానేశానో నాకు తెలియదు. మానేశాను.

పని చెప్తాను. మామూలు పదార్థాన్ని వేడి చేస్తే గట్టిగా ఉన్నది కరిగి నీరవుతుంది. కొన్ని పదార్థాలు తిన్నగా కరగవు. వాటి అణువులు అగ్గిపుల్లల్లా పొడుగ్గా ఉంటాయి. గట్టిగా ఉన్నప్పుడు పెట్టెలో సర్దిన పుల్లల్లా కదలకుండా పడుంటాయి. పూర్తిగా కరిగాక కింద పారబోసిన పుల్లలు. ఈ రెంటికీ మధ్యన ఇంకొన్ని దశలుంటాయి. అటూ ఇటూ జారుతూనే, అన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. ఆ దశలో ఉన్న పదార్థాన్ని రెండు గాజుపలకల మధ్య పలచటి పొరగా పెట్టి, పోలరైజింగ్ మైక్రోస్కోపు కింద చూస్తే రంగులు, నమూనాలు కనిపిస్తాయి. ఒక్కో దశది ఒక్కో నమూనా. మా మైక్రోస్కోపు కింద చిన్న వేడిపెట్టె ఉండేది. దాంట్లో గాజుపలకలు పెట్టి, పదార్థం కరిగేదాకా వేడి చేసి, తర్వాత నెమ్మదిగా చల్లార్చాలి. మొదట అంతా నలుపు. చల్లారుతుంటే ఆ నలుపులో రంగుచుక్కలు పుడతాయి, ఒకదాన్నొకటి తాకి కలిసిపోతాయి. ఇంకా చల్లారితే ఆ రంగు పొరలో మరో నమూనా మొలుస్తుంది. ఏ వేడి దగ్గర ఏది పుట్టిందో రాసుకోవాలి. రోజంతా అదే.

నాకు ఆ పని నచ్చింది. చీకటి గది, ఒక్కదాన్నే, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని లైబ్రరీ నుంచి తెచ్చుకున్న నవల ఏదో చదువుకుంటూ తినేదాన్ని. రాత్రి డైరీ రాసేదాన్ని. ఆ ఏళ్ళ డైరీలు ఇప్పుడు తిరగేస్తే సగం పేజీల్లో రంగుల పేర్లే ఉంటాయి.

పదార్థం తయారుచేసేది అప్ప. మా వైపు అక్కను అప్ప అంటాం. ఆవిడ నాకు వరసకు ఏమీ కాదు, నాకంటే ముందు ప్రాజెక్టులో చేరిన కెమిస్టు. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. నాన్న వేటకెళ్తాడు, అమ్మ చేపలు అమ్ముతుంది. ఎమ్మెస్సీ దాకా చదివింది ఆ ఇంట్లో ఆవిడొక్కతే. గొంతు పెద్దది. కెమిస్ట్రీ ల్యాబులో ఆవిడ మాట్లాడితే మా చీకటి గదిలోకి వినపడేది.

"నేను వొండుతాను, నువ్వు రుసి సూడు," అనేది సీసా చేతికిస్తూ. "బాగులేదని మాత్రం అనకు. అంటే రేపట్నించి నువ్వే వొండుకో."

నేను నవ్వి ఊరుకునేదాన్ని.

"ఒసే, నోట్లో ఏటైనా ఉన్నాదేటి? ఔననైనా అను, కాదనైనా అను. గోడతో మాటాడినట్టుంటాది నీతోటి."

కానీ సీసా ఇచ్చి వెళ్ళిపోయేది కాదు. నా వెనకాల స్టూలు వేసుకుని కూర్చునేది, తను వండింది రంగు తేలేదాకా. ఆ గదిలో నా పక్కన కూర్చున్న మనిషి ఆవిడొక్కతే.

ఒక వానాకాలం అప్ప కొత్త పదార్థం ఒకటి చేసింది. అది చేయడానికి ఆవిడకు ఎండాకాలమంతా పట్టింది. మధ్యలో రెండుమూడుసార్లు చెడిపోయి మళ్ళీ మొదలుపెట్టింది. తెల్లటి పొడి, చిన్న సీసాలో అడుగున. అప్పుడు ప్రాజెక్టు నడిపే మా సారు ఊళ్ళో లేరు. పరీక్షల డ్యూటీ మీద వేరే ఊరు వెళ్ళారు. రోజూ వాన. జీడితోటలో నీళ్ళు నిలిచి ల్యాబుకు చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళేవాళ్ళం.

ఆ పొడి కరిగించి, చల్లార్చడం మొదలుపెట్టాను. చుక్కలు పుట్టాయి, కలిశాయి, రంగు పరుచుకుంది. ఇంకా చల్లార్చాను. ఇక గట్టిపడిపోవాలి, సూదుల్లాంటి స్ఫటికాలు లేచి రంగంతా పోవాలి. పోలేదు. ఆ రంగు పొర మీద, ఒక మూల నుంచి, సన్నటి గీతలు బయల్దేరాయి. పక్కపక్కన, సమానమైన ఎడంతో, కాస్త వంపు తిరుగుతూ. పొరంతా గీతలైపోయింది. నేను కదలకపోయేసరికి వెనక నుంచి అప్ప అడిగింది.

"ఏటే? సచ్చిపోయిందా?"

లేచి చోటిచ్చాను. ఆవిడ చూసింది. కన్ను తీయకుండానే స్టూలు దగ్గరికి లాక్కుంది.

"మా రేవులో ఆటుకి నీళ్ళు తీసేక ఇసక మీద ఇలాగే ఉంటాది," అంది చివరికి. "ఇలాగే మడతలు మడతలుగా. పొద్దుటేల ఎవులూ తొక్కకముందు."

పుస్తకాలు తిరగేశాను. అలాంటి పదార్థంలో, అంత తక్కువ వేడి దగ్గర, ఆ దశ ఉందని ఎవరూ రాసినట్టు కనిపించలేదు. పదార్థం వేడెక్కుతున్నప్పుడు అది రాలేదు, చల్లారుతున్నప్పుడే వచ్చింది. అలాంటివి కొన్ని ఉంటాయి. నిజానికి ఆ వేడి దగ్గర పదార్థం గట్టిపడిపోవాలి. గట్టిపడడం కాస్త ఆలస్యమైతే, ఆ సందులో ఇలాంటి దశ తొంగిచూస్తుంది. ఫ్రిజ్‌లో నీళ్ళ సీసా కదపకుండా ఉంచితే ఒక్కోసారి గడ్డకట్టకుండా నీళ్ళలాగే ఉంటుంది చూడండి, తీసి కాస్త తట్టగానే మొత్తం గడ్డ అయిపోతుంది. అలాంటిదే.

మైక్రోస్కోపు కెమెరా అప్పుడు రిపేరుకు పోయింది. నా ఫోను కంటిగొట్టం దగ్గర పెట్టి ఫొటో తీశాను. సగం నీడ, సగం మసక. ఆ వారంలో మూడు నాలుగుసార్లు చేశాం. చేసిన ప్రతిసారీ గీతలు వచ్చాయి. అప్ప వాళ్ళమ్మకు ఫోన్ చేసి చెప్పింది. వాళ్ళమ్మ ఏమందో తెలియదు గాని, "సేపలు కాదే అమ్మా, గీతలు. గీతలు," అని అరుస్తుంటే విన్నాను.

సారు తిరిగొచ్చారు. మంచివారు. గట్టిగా మాట్లాడరు, ఎవరినీ కసరరు. ఫొటో చూసి, "ఇది ఏమైనా కావచ్చమ్మా. నా ఎదురుగా చెయ్యి," అన్నారు.

చేశాను. చుక్కలు, రంగు. తర్వాత సూదులు. ఒక్క క్షణంలో పొరంతా తెల్లటి సూదులు అడ్డదిడ్డంగా పాకి గట్టిపడిపోయింది. మళ్ళీ చేశాను. సూదులే. మర్నాడు, ఆ మర్నాడు సూదులే.

సారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఇంప్యూరిటీ అయ్యుంటుంది. పదార్థంలో ఏదో మలినం కలిసి ముందు అలా కనిపించింది. శుభ్రం చేసి ఇమ్మను."

ఆ మాట అప్పకు నేనే మోసుకెళ్ళాల్సి వచ్చింది.

"నా సరుకులో మట్టున్నాదంటాడా?"

"మట్టని అనలేదు అప్పా. మలినం అన్నారు."

"ఓహో. పెద్ద తేడా."

అలా అన్నా, ఆ సాయంత్రమే పని మొదలుపెట్టింది. శుభ్రం చేయడమంటే పొడిని వేడి ద్రావకంలో కరిగించి, చల్లార్చి, తేరిన స్ఫటికాలు వడకట్టి ఆరబెట్టడం. ప్రతిసారీ కొంత పోతుంది. ద్రావకంలో కొంత, వడపోత కాగితానికి కొంత, గిన్నె అంచుకు కొంత. శుభ్రం చేసిచ్చింది. సూదులు. మళ్ళీ చేసిచ్చింది. సూదులు. సీసాలో పొడి అడుగంటుతూ వచ్చింది. మళ్ళీ కొత్తగా చేద్దామంటే మొదటి రసాయనాలు అయిపోయాయి. ప్రాజెక్టు ఆఖర్లో ఉంది, కొత్తవి తెప్పించే దారి లేదు. ప్రాజెక్టు పొడిగిస్తారా లేదా అన్నది బయట నుంచి వచ్చే నిపుణులు చూసి చెప్పాలి. వాళ్ళకు చూపించడానికి మా దగ్గర కొత్తదంటూ ఉన్నది ఈ గీతలే. ఆ గీతలు లేవు.

అప్ప మాట్లాడడం నెమ్మదిగా తగ్గించింది. నాకు సీసా ఇచ్చేటప్పుడు 'రుసి సూడు' అనడం మానేసింది. వెనకాల స్టూలు వేసుకోవడం లేదు. నేను చూస్తుంటే గుమ్మంలో నిలబడేది. నా వీపు చూసే తెలుసుకునేది కాబోలు, నేను తల ఎత్తకముందే వెళ్ళిపోయేది.

ఒకరోజు, గుమ్మంలోంచే అడిగింది. "నువ్వు సూసేవు గదే. నేనూ సూసేను. ఇద్దరికీ కళ్ళు పోయినాయేటి?"

"చూశాం అప్పా."

"మరి ఆయనకెందుకు కనపడదు?"

వారం తిరక్కుండా ఆవిడకు ఫార్మా కంపెనీలో ఉద్యోగం వచ్చింది. వాళ్ళ ఊరికి దగ్గరే. వెళ్ళేరోజు సీసా నా చేతిలో పెట్టింది. అడుగున గోరు మీద పట్టేంత పొడి. "ఇంక దీన్ని కడగను. కడిగితే గిన్నే మిగుల్తాది. నీ దగ్గరుంచు. పారబోసినా నువ్వే పారబొయ్యి," అంది. కాలేజీ గేటు దాకా వెళ్ళి బస్సెక్కించాను. ఏదైనా అనాలని ఉంది. బస్సు కదిలాక గాని మాట తయారు కాలేదు.

ఆ తర్వాతి రోజుల గురించి చెప్పడానికేమీ లేదు. కెమిస్ట్రీ ల్యాబుకు తాళం. నా గదిలో వెనకాల ఖాళీ స్టూలు. సారు పొడిగింపు కోసం రిపోర్టు రాసుకుంటూ తన గదిలో ఉండేవారు. కొన్ని రోజులు పొద్దుట 'గుడ్ మార్నింగ్ సార్' తర్వాత మళ్ళీ మాట్లాడింది హాస్టల్లో అన్నం పెట్టే ఆవిడతోనే. ఒంటరితనం నాకు ఇష్టమని అనుకునేదాన్ని అంతవరకూ. ఇష్టమైనది అప్ప గొంతు వినపడే దూరంలో ఒంటరిగా ఉండడమని అప్పుడు తెలిసింది.

కాలేజీ నుంచి కొత్తవలస వైపు వెళ్ళాలంటే లెవెల్ క్రాసింగ్ దాటాలి. గేటు పక్కన ఒక టీకొట్టు. దాన్ని నడిపే పెద్దమ్మకు నేను ముఖపరిచయం. ఒక సాయంత్రం గేటు పడింది. గేటు పడితే ఆటోలు, బళ్ళు, లారీలు రెండు పక్కలా నిలిచిపోతాయి. అందరూ దిగి ఆవిడ దగ్గరికే వస్తారు. ఆవిడ చేతులు ఆడుతున్నాయి. నాకూ ఒక గ్లాసు ఇచ్చింది. చెక్కబల్ల మీద పెట్టుకుని నిలబడ్డాను.

ఒక లారీ డ్రైవరు విసుక్కుంటున్నాడు. "ఎప్పుడు సూడు గేటు పడే ఉంటాది. ఈ గేటుతోటి సంపేస్తన్నారు."

"పడనీ బాబూ, నీ సొమ్మేటి పోయింది?" అంది పెద్దమ్మ. "గేటు పడితేనే నా పొయ్యి మండుతాది. మొన్న వానలకి పైన కొండరాళ్ళు జారి బళ్ళాగిపోనాయి గదా. గేటు పడ్డమే లేదు. వొచ్చినోడు వొచ్చినట్టే ఎలిపోయేడు. కాసిన పాలు కాసినట్టే ఇరిగిపోనాయి. వారం పైన. ఆ గూడ్సు కూత ఇని పేణం లేసొచ్చింది నాకు."

"నీకు పేణం లేసొస్తాది, మాకు పోతాది," అన్నాడు డ్రైవరు.

అందరూ నవ్వారు. అప్పుడే గూడ్సు వచ్చింది. ఇంజన్లు దాటాయి, ఎర్రటి రాయి నింపుకున్న వ్యాగన్లు మొదలయ్యాయి. నేను గ్లాసు అందుకోబోయి ఆగాను. గ్లాసులో టీ మీద గీతలున్నాయి. సన్నటి గుండ్రటి గీతలు, అంచు నుంచి మధ్యకు, వణుకుతూ. పక్క గ్లాసులోనూ. బల్ల మీద ఉన్న గ్లాసులన్నిటిలోనూ. ఆఖరి వ్యాగన్ వెళ్ళి గేటు లేచాక కూడా కాసేపు ఉండి, తర్వాత సర్దుకున్నాయి.

పెద్దమ్మ చెప్పిన వారం ఏదో నాకు తెలుసు. చెప్పులు చేత్తో పట్టుకుని ల్యాబుకు వెళ్ళిన వారం. ఆ వారం డైరీ తీసి చూశాను ఆ రాత్రి. వాన గురించి ఉంది. గీతల గురించి పేజీలకు పేజీలుంది. రైళ్ళు రావడంలేదని ఒక్క ముక్క లేదు. చప్పుడు వినడం ఎప్పుడో మానేసినదాన్ని, చప్పుడు లేకపోవడం మాత్రం ఎలా వింటాను? అప్పా వినలేదు. రైలు తిరిగి మొదలైన సంగతి సారూ వినలేదు. మేం ముగ్గురం పదార్థాన్ని అనుమానించాం. గోడ అవతల ఉన్నదాన్ని ఎవరం అనుమానించలేదు.

గట్టిపడడానికి సిద్ధంగా ఉండి ఆగిన పొర అది. నేల చిన్నగా అదిరినా చాలు. లైను మీద బళ్ళు ఎడతెగకుండా తిరుగుతాయి. నేనేమో నెమ్మదిగా, గంటల తరబడి చల్లారుస్తాను. ఆ గంటల్లో ఒక్క బండి రాకుండా ఉండదు.

సారుకు వెంటనే చెప్పాల్సింది అని మీరనుకుంటారు. చెప్తే 'చూపించు' అంటారు. చూపించడానికి సీసాలో ఒక్కసారికి సరిపడా పొడి ఉంది. గంటల తరబడి వేడిలో ఉన్న పొర పాడవుతుంది, మళ్ళీ కరిగించి వాడినా నమ్మడానికి వీల్లేదు. చేసి చూసుకుంటే చూపించడానికి మిగలదు, చూపించడానికి ఉంచితే ముందు చేసి చూసుకోవడానికి లేదు. నిపుణులొచ్చే రోజు దగ్గరపడింది. ముందు అదురు ఆపే పని చూద్దామనుకున్నాను.

మైక్రోస్కోపు బల్ల గచ్చు మీద ఉంది. గచ్చు అదిరితే బల్ల అదురుతుంది. మధ్యలో మెత్తటిదేదైనా ఉండాలి. కొత్తవలసలో పంక్చర్ షాపుకు వెళ్ళాను. షాపు ముందు రెండుసార్లు అటూ ఇటూ నడిచి, మూడోసారి ఆగాను.

"పాత ట్యూబులు కావాలి. స్కూటర్‌వి."

"బండేదమ్మా?"

"బండి లేదు."

అతను చేస్తున్న పని ఆపాడు. "బండి లేకుండా ట్యూబులేటికమ్మా? ఈత నేర్సుకుంటావేటి?"

"ల్యాబుకి."

"సదువుకున్నోళ్ళ యవారం," అని నాలుగు ట్యూబులు ఏరి, అడక్కుండానే అతుకులు వేసి, గాలి పట్టి చూసి ఇచ్చాడు. మెడలో వేసుకుని బస్సెక్కాను. కండక్టరు నా ముఖం చూడకుండా టిక్కెట్టు కొట్టాడు. అంత మొహమాటంలోనూ నాకు నవ్వొచ్చింది. అప్ప ఉంటే బస్సంతా వినపడేలా ఏదో అనేది.

ట్యూబులకు సగం గాలి పట్టి, వాటి మీద నాపరాయి బండ, బండ మీద మైక్రోస్కోపు. బండ మీద గ్లాసుతో నీళ్ళు పెట్టి, పక్కన బల్ల మీద ఇంకో గ్లాసు పెట్టి, గూడ్సు కోసం కూర్చున్నాను. వచ్చింది. బల్ల మీద గ్లాసులో గీతలు లేచాయి. బండ మీద గ్లాసులో దాదాపు లేవు. 'దాదాపు' అన్న మాట మీదే నా భయమంతా.

నిపుణులు అని అన్నారు గాని వచ్చింది ఒకావిడే. పెద్దావిడ, నేత చీర, చేతిలో సొంత మంచినీళ్ళ సీసా. సారు వెంటబెట్టుకుని అన్నీ చూపించారు. రిపోర్టు, పాత ఫలితాలు, తాళం తీసిన కెమిస్ట్రీ ల్యాబు. ఆవిడ అన్నిటికీ తల ఊపింది. వినకుండానే ఊపే ఊపు అది, ఎలాంటిదో మీకు తెలుసు. చివరికి నా గదికి వచ్చారు. ట్యూబులు చూసి సారు కాస్త ఇబ్బంది పడ్డారు.

"ఇవేమిటమ్మా?" అంది ఆవిడ.

"మేడమ్, ఒకటి చూపించాలి. టైం పడుతుంది," అన్నాను. సారు వైపు చూడలేదు. చూస్తే ఆ వాక్యం పూర్తయ్యేది కాదు. పొడి అప్పటికే గాజుపలకల మధ్య కరిగించి ఉంచాను. సీసా ఖాళీగా బల్ల మీద ఉంది.

ఆవిడ గడియారం చూసుకుంది. తర్వాత అప్ప స్టూలు లాక్కుని కూర్చుంది.

చల్లార్చడం మొదలుపెట్టాను. నలుపు. చుక్కలు. రంగు. సారు గోడకానుకుని నిలబడ్డారు. వేడి దిగుతోంది. సూదులు లేవాల్సిన చోటు వచ్చింది. దాటింది. పొర మూల నుంచి ఒక గీత బయల్దేరింది. దాని పక్కన ఇంకొకటి.

"మేడమ్, చూడండి," అని లేచాను.

ఆవిడ కంటిగొట్టానికి కన్ను ఆనించింది. గీతలు పొర సగం దాకా పాకి ఉంటాయి అప్పటికి. అప్పుడు దూరంగా కూత వినిపించింది. నేను కావాలని ఎదురుచూడకుండానే ఆ గదిలో ఆ కూత చెవిన పడడం ఎన్నో ఏళ్ళ తర్వాత అదే. గేటు దగ్గర గంట. పట్టాల మీద బరువు. కిటికీకి అంటించిన నల్లకాగితం చిన్నగా కొట్టుకోవడం మొదలైంది. ఇంకాసేపు ఆగితే బాగుండునని ఎవరిని అడగాలో తెలియక బండకేసి చూస్తూ నిలబడ్డాను.

వచ్చింది మామూలు గూడ్సు కాదు, ముందూ వెనకా ఇంజన్లున్న బరువు బండి. గది మొత్తం ఆ బండితో పాటు కదిలింది.

"అయ్యో," అంది ఆవిడ, కన్ను తీయకుండా. నిదానంగా చెప్పసాగింది, తనలో తాను అన్నట్టు. "ఒక మూల నుంచి సూదులు వస్తున్నాయి. గీతల మీదుగా వస్తున్నాయి. తినేస్తున్నాయి. ఇక్కడ ఇంకా కొన్ని గీతలున్నాయి. ఇక్కడ కూడా. అయిపోయింది."

బండి వెళ్ళిపోయింది. ఆవిడ తల ఎత్తింది. ముఖం వెలుగుతోంది.

"ఇప్పుడేమయింది?"

"రైలు మేడమ్," అన్నాను. వాన వారం దగ్గర్నుంచి టీగ్లాసు దాకా చెప్పాను. అంత పొడుగు మాట ఆ గదిలో నేనెప్పుడూ మాట్లాడలేదు.

"గీతలు మాత్రమే చూసుంటే నేను కూడా మలినం అనే అనుమానించేదాన్నేమో," అంది ఆవిడ సారుతో. "అది ఎలా పోయిందో కళ్ళారా చూశాను. మలినమైతే మధ్యలో ఆగుతుంది, మరకలు మిగులుతాయి. ఇది ఆ చివర్నించి ఈ చివరికి ఒక్క ఊపున పోయింది. పదార్థం చాలా శుభ్రంగా ఉంది. ఎవరు చేశారు?"

సారు కిటికీ వైపు చూస్తున్నారు. ఆ పక్కన రైలుదారి ఉందని అప్పుడే ఎవరో చెప్పినట్టు. తర్వాత బల్ల మీది ఖాళీ సీసా తీసుకుని వెలుతురుకు పెట్టి చూశారు.

"సరుకు శుభ్రంగానే ఉందన్నమాట," అన్నారు, సీసాతో మాట్లాడుతున్నట్టు. "ఆ అమ్మాయికి ఫోన్ చెయ్యమ్మా. రమ్మను. మళ్ళీ చేద్దామను."

పొడిగింపు వస్తుందని ఆవిడ వెళ్తూ వెళ్తూ చెప్పినంత పని చేసింది. ఆ తర్వాత నిజంగానే వచ్చింది కూడా.

అప్ప కంపెనీలో లోపలికెళ్ళేటప్పుడు ఫోన్లు గేటు దగ్గరే తీసుకుంటారు. షిఫ్టు దిగేదాకా ఎన్నిసార్లు చేసినా ఎత్తదు. ల్యాబులో ఉండలేకపోయాను. క్రాసింగ్ దగ్గరికి వచ్చి టీ చెప్పి, గ్లాసు ముందు పెట్టుకుని, చేస్తూనే ఉన్నాను. నాకు కలిగిన ఆ సంతోషం చెప్పుకోదగ్గ మనిషి ఆవిడొక్కతే, ఆవిడేమో గోడల లోపల ఉంది. పొద్దు వాలాక ఎత్తింది.

"ఏటే, ఇన్నిసార్లు సేసేవు? ఎవులికైనా ఏటైనా అయిందేటి?"

"గీతలొచ్చాయి అప్పా."

అవతల కంపెనీ బస్సు హారన్ వినపడింది.

"ఆయన సూసేడా?"

"చూడ్డానికొచ్చినావిడ చూసింది. శుభ్రమైన సరుకంది. ఎవరు చేశారని అడిగింది. నీ పేరు చెప్పాను." ఆగి, మిగతాది కూడా అన్నాను. "సారు నిన్ను రమ్మంటున్నారు. పొడిగింపు వస్తుందట. నీకు తప్ప అది చేయడం ఎవరికీ రాదు."

"అది సెప్పడానికి ఇంత గొంతెక్కడిదే నీకు?" అని నవ్వింది. కాసేపటికి నవ్వు ఆపింది. "రాలేనే. ఇక్కడ అలవాటైపోయింది. మొదట్లో ఈ మందుల వాసనకి అన్నం దిగేది కాదు. కడుపులో తిప్పేసీది. ఇప్పుడు ఏ వాసనా లేదు. ఉన్నాదంట, అమ్మ అంటాది, నా బట్టలనిండా అదేనంట. నాకు తెలీదు. నువ్వు సేసుకో. నేను రాసిపెట్టే వొచ్చేను గదా అంతా."

రాసిపెట్టే వెళ్ళింది. ఆ రాసిన ప్రకారం తర్వాత వేరే అతను వచ్చి చేశాడు. గీతలొచ్చాయి. పేపరు అచ్చయింది, అప్ప పేరు మొదట ఉంది. ఆ స్టూలు మీద మాత్రం ఎవరూ కూర్చోలేదు. ప్రాజెక్టు ముగిశాక నేను కోటబొమ్మాళి వచ్చి మీకు పాఠాలు చెప్తున్నాను. కానీ అవన్నీ తర్వాతి సంగతులు. ఆ సాయంత్రం నేనింకా ఫోన్ పట్టుకునే ఉన్నాను. గేటు పడింది. ఆటోలు ఆగాయి. పెద్దమ్మ పొయ్యి మంట పెంచింది. కూత వేసుకుంటూ గూడ్సు వచ్చింది.

"ఏటే ఆ సప్పుడు?" అని అరిచింది అప్ప. "ఏదైనా కూలిపోతన్నాదేటి?"

"గూడ్సు అప్పా."

"ఏ గూడ్సు?"

"మన గూడ్సే. ల్యాబు పక్కది. ఇదే, గీతల్ని రానివ్వంది."

ఆవిడకు వినపడిందో లేదో. వ్యాగన్లు పోతూనే ఉన్నాయి. బల్ల మీద నా గ్లాసులో టీ వణుకుతోంది. చాలాసేపటికి ఆ మోతలోంచి ఆవిడ గొంతు వచ్చింది, ఎప్పుడూ లేనంత చిన్నగా.

"నేనున్నప్పుడూ ఇంత సప్పుడు సేసీదా?"

"ఇంతే చేసేది అప్పా."

ఆవిడ ఫోన్ పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు. ఇద్దరం ఆ బండి పూర్తిగా వెళ్ళేదాకా విన్నాం.